ఆరడుగుల ర్యాంప్ కొన్న పాపానికి

నా ఏటీవీని, అంటే మట్టిదారుల్లో తిరిగే నాలుగు చక్రాల బండిని, పికప్ ట్రక్కులోకి ఎక్కించడానికి మొదటిసారి ర్యాంప్ కొనేటప్పుడు నేను చూసింది ఒక్కటే, ఎంత బరువు మోస్తుందని. స్టిక్కర్ మీద 450 కిలోలు అని ఉంది. నా ఏటీవీ 320. ఇంకేం, బోలెడంత మిగిలిందనుకున్నా. నడిపేవాడి బరువు కూడా అందులోకే వస్తుందన్న సంగతి తట్టలేదు. నేను 84 కిలోలు. ముందు రాక్ మీద పనిముట్ల పెట్టె పాతిక కిలోలు, వెనక 20 లీటర్ల పెట్రోలు ఓ 15. మొత్తం 444. పైగా బండి బరువని కాగితం మీద రాసేది చాలాసార్లు పెట్రోలు, ఆయిలు పొయ్యకముందు లెక్క. అంటే నేను రోజూ ఆ స్టిక్కర్ అంచు మీదే ఎక్కి దిగుతున్నానన్నమాట.

ఇంతా చేసి, చివరికి నన్ను పడేసింది బరువు కాదు.

సాయంత్రం పూట, సన్నగా తుంపర. ముందు చక్రాలు పికప్‌లోకి ఎక్కేశాయి. వెనక చక్రాలు ర్యాంప్ మధ్యలో ఉన్నాయి. ఇంకాస్త ఊపు కావాలని యాక్సిలరేటర్ నొక్కాను. వెనక చక్రాలు గట్టిగా పట్టుకుని బండిని ముందుకు నెట్టాయి, అంతే గట్టిగా ర్యాంప్‌ని వెనక్కి తన్నాయి. ర్యాంప్ పైఅంచు టెయిల్‌గేట్ (ట్రక్కు వెనక కిందికి దించే తలుపు) మీద కర్‌ర్‌మని గీసుకుంటూ జారి కింద పడింది. ‘బావా, వదిలేసి దూకెయ్!’ అని మా బావమరిది అరిచాడు. ఎడమవైపు దూకాను. బండి పొట్ట టెయిల్‌గేట్ అంచు మీద ఆనుకుని, వెనక చక్రాలు నేల మీద, ముందు చక్రాలు ట్రక్కులో, మేక గోడెక్కినట్టు నిలబడిపోయింది. మోకాలు చెక్కుకుపోవడంతో సరిపోయింది, అదృష్టం. ర్యాంప్‌తో పాటు వచ్చిన రెండు పట్టీలు, ట్రక్కుకి కట్టాల్సినవి, అప్పటికీ ప్లాస్టిక్ కవర్లోనే ఉన్నాయి.

ఆ రాత్రి టేపు తీసుకుని కూర్చున్నా. ట్రక్కు బెడ్, అంటే సామాను వేసే భాగం, నేల నుంచి 36 అంగుళాల ఎత్తు. దానికి ఆరడుగుల ర్యాంప్ వేస్తే వాలు 30 డిగ్రీలు. ఏడడుగులదైతే 25, ఎనిమిదైతే 22, తొమ్మిదైతే 20 లోపు. కాగితం మీద చిన్న తేడాలే. బండి మీద కూర్చుని చూస్తే మాత్రం 30 డిగ్రీల దగ్గర ఆకాశం తప్ప ఇంకేమీ కనపడదు. బరువంతా వెనక్కి పోతుంది, ముందు చక్రాలు తేలిపోతాయి. అందుకే ఎవరడిగినా నా మొదటి ప్రశ్న, మీ ట్రక్కు ఎత్తెంత అనే. టెయిల్‌గేట్ దించి, లోడేమీ లేకుండా కొలవండి.

ఈసారి ఎనిమిదడుగులది తీసుకున్నా, మధ్యలో విల్లులా వంపున్నది. వంపు లేని తిన్నని ర్యాంప్ పైకొస దగ్గర బండి పొట్ట గీరుకుంటుంది. వంపున్నదానికి ఆ మూల కాస్త మెత్తబడుతుంది. రెండు విడి పట్టాలుగా వచ్చేవి కూడా చూశాను. వాటిని చక్రాల మధ్య దూరానికి తగ్గట్టు సర్దుకోవచ్చు, నిజమే. కానీ చీకట్లో ఒకటి నాలుగంగుళాలు పక్కకి వెళ్తే ఒక చక్రం గాల్లోకే. నా కంగారుకి అవి పనికిరావు. మూడు మడతల వెడల్పు ర్యాంపే నయం. మా బండి టైర్ల బయటి అంచు నుంచి బయటి అంచుకి 46 అంగుళాలు, ర్యాంప్ 50. చెరో వైపు రెండంగుళాలు. అదీ ఎక్కువేం కాదు.

ఇనుము ఊసే ఎత్తలేదు. అల్యూమినియం దాదాపు మూడో వంతు బరువే తూగుతుంది. రోజుకి రెండుసార్లు తీసి వెయ్యాల్సిన వస్తువు, ఒక్కణ్ణే ఎత్తగలగాలి. తడిస్తే మాత్రం జారుతుంది కాబట్టి ర్యాంప్ అడ్డకమ్మీల మీద పళ్లు ఉన్నాయో లేదో వేలితో తడిమి మరీ తీసుకున్నా. మడత కీళ్ల దగ్గర మాత్రం వేళ్లు జాగ్రత్త. నా చూపుడువేలి గోరు నెలరోజులు నల్లగానే ఉంది.

చోటు దొరికితే ట్రక్కు వెనక చక్రాలు కాస్త పల్లంలో ఉండేలా ఆపుతా. అర అడుగు ఎత్తు తగ్గినా వాలు 22 నుంచి 18కి దిగుతుంది. లో గేరు, ముందుకి వంగి కూర్చోవడం, ఒకే వేగం. మధ్యలో ఊపివ్వడం అనే మాటే లేదు.

పట్టీలు కట్టే పని ఇప్పుడు మా బావమరిదిది. రెండూ బిగించి, ఒక్కోదాన్నీ ఒంటి బరువంతా వేసి లాగి చూస్తాడు. అప్పటిదాకా బండి తాళం వాడి జేబులోనే ఉంటుంది.