ప్రైవేట్ పైలట్ శిక్షణ: ఎయిర్‌ఫోర్స్ పద్ధతి నుంచి ఏం తీసుకోవాలి, ఏం వదిలేయాలి

దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో తొలి పాఠాలు పిలాటస్ పీసీ-7 మార్క్ 2 మీద. 700 హార్స్‌పవర్ టర్బోప్రాప్ (టర్బైన్ ఇంజన్‌తో ప్రొపెల్లర్ తిరిగే విమానం), ఇన్‌స్ట్రక్టర్ వెనక సీట్లో. సివిల్ విద్యార్థికి దొరికేది సెస్నా 172, అందులో ఇన్‌స్ట్రక్టర్ పక్కనే ఉంటాడు. అసలు తేడా మాత్రం విమానంలో లేదు, పాఠానికీ పాఠానికీ మధ్య విరామంలో ఉంది.

సైనిక శిక్షణలో ఎగరడం దాదాపు రోజువారీ పని. ఏ సార్టీకి (ఒకసారి ఎగిరి దిగడం) ఏది వచ్చి తీరాలో సిలబస్‌లో రాసి ఉంటుంది. రాకపోతే అదనపు సార్టీలు, ఆ తర్వాత సీనియర్ ఇన్‌స్ట్రక్టర్ పెట్టే పరీక్ష, అప్పటికీ కుదరకపోతే ఇంటికి. సివిల్‌లో డబ్బు కడుతున్నంతకాలం ఎవరూ పొమ్మనరు. ఇండియాలోనైనా అమెరికాలోనైనా ప్రైవేట్ లైసెన్స్‌కి చట్టం అడిగేది 40 గంటల ఎగరడమే. అయినా అమెరికాలో చాలామందికి 60, 70 గంటలు పడుతుంది. వారానికోసారి వెళ్తే ప్రతిసారీ మొదటి ఇరవై నిమిషాలు పోయిన వారం నేర్చింది గుర్తు తెచ్చుకోవడానికే సరిపోతాయి. అందుకే మొత్తం డబ్బు ముందే సమకూర్చుకుని మొదలుపెట్టండి, వారానికి మూడుసార్లు ఎగరండి.

ఎమర్జెన్సీ స్టెప్పులు కేడెట్‌కి నిద్రలో లేపి అడిగినా రావాలి. మీకూ అలాగే రావాలి. 172ఎస్‌లో (సెస్నా 172లో ఒక మోడల్) గాల్లో ఇంజన్ ఆగితే: స్పీడు 68 నాట్లు, ఫ్యూయల్ షటాఫ్ (ఇంధనం ఆపే నాబ్) పూర్తిగా లోపలికి, ఫ్యూయల్ సెలెక్టర్ బోత్ (రెండు ట్యాంకుల నుంచీ), ఆగ్జిలరీ ఫ్యూయల్ పంప్ ఆన్, మిక్స్‌చర్ రిచ్ (గాలిలో ఇంధనం పాలు ఎక్కువ), ఇగ్నిషన్ బోత్. ఇంట్లో కుర్చీలో కూర్చుని, ఎదురుగా కాక్‌పిట్ ఫోటో పెట్టుకుని, నోటితో చెబుతూ చేయి కదిలించి సాధన చేయండి. చెక్‌లిస్ట్ తెరిచేది ఇవి అయ్యాకే.

అన్నిటికంటే భయపెట్టేది బేస్ (దిగే ముందు రన్‌వేకి అడ్డంగా ఎగిరే దారి) నుంచి ఫైనల్‌కి (రన్‌వేకి సూటిగా దిగే దారి) తిరిగే మలుపు. వెనక నుంచి గాలి తోస్తే రన్‌వే లైను దాటిపోతాం. నేలకి దగ్గరలో ఎక్కువ బ్యాంక్ చేయడానికి (విమానాన్ని పక్కకి వంచడానికి) జంకి, విద్యార్థి లోపలివైపు రడ్డర్ (ముక్కుని పక్కకి తిప్పే పెడల్) తొక్కుతాడు. ముక్కు తిరుగుతుంది, లోపలి రెక్క ముందు స్టాల్ అవుతుంది (పైకి లేపే శక్తి కోల్పోతుంది), స్పిన్ (గిరగిరా తిరుగుతూ పడిపోవడం) మొదలవుతుంది. 500 అడుగుల్లో దాన్నుంచి తేరుకునే ఎత్తే ఉండదు. కేడెట్లు ఎత్తులో స్పిన్‌లు చేసి, తేరుకుని వచ్చినవాళ్లు, కాబట్టి ఆ జారుడు ఒంటికే తెలుస్తుంది. అమెరికాలో ప్రైవేట్ లైసెన్స్‌కి స్పిన్ చేసి చూపించక్కర్లేదు, అవగాహన చాలు. అది చాలదని నా గట్టి అభిప్రాయం. స్పిన్‌కి అనుమతి ఉన్న విమానంలో, అది నేర్పగల ఇన్‌స్ట్రక్టర్‌తో ఒక గంట కేటాయించండి. లైను దాటితే మాత్రం లాక్కురావద్దు, గో-అరౌండ్ చేయండి (దిగడం మానేసి మళ్లీ పైకి లేవండి).

సివిల్ పద్ధతి మెరుగ్గా ఉండే చోటు కూడా ఉంది. కేడెట్‌కి ఇంధనం గ్రౌండ్ సిబ్బంది నింపుతారు, ఎగరాలా వద్దా అన్నది పైవాళ్లు తేలుస్తారు. మీకు వాతావరణం, బరువు, ఇంధనం అన్నీ మీ లెక్కే. 172ఎస్‌కి 13 డ్రెయిన్లు (ఇంధనం కొద్దిగా కప్పులోకి తీసి నీళ్లున్నాయేమో చూసే రంధ్రాలు) ఉంటాయి, రెక్కకి అయిదు, పొట్ట కింద మూడు. ఒక్కటీ వదలకండి. కప్పులో అడుగున నీటి బుడగ కనిపిస్తే తేలికే. కప్పంతా నీళ్లే అయితే విడదీసే గీతే కనపడదు, శుభ్రమైన పెట్రోలు లాగే ఉంటుంది. 100ఎల్ఎల్ (ఈ విమానాల్లో వాడే పెట్రోలు) లేత నీలంగా ఉండాలి. కప్పుని తెల్లటి రెక్కకి ఆనించి చూడండి, నీలం కనపడకపోతే ఇంజన్ స్టార్ట్ చేయకండి.