పాత జిప్సీతో లద్దాఖ్: ముందు రబ్బరు, తర్వాతే ఇనుము

సెకండ్ హ్యాండ్ మారుతి జిప్సీ కొన్నవాళ్లు మొదట చేసే పని బంపరు మార్చడం. తర్వాత పైన క్యారియరు, దాని మీద లైట్ల వరస. ఇవన్నీ అయ్యాక డబ్బులు మిగిలితే అప్పుడు బండి కిందకి దూరి చూస్తారు. నా లెక్కలో ఇది పూర్తిగా తలకిందుల వరస.

ఇక్కడ రాస్తున్నది 2000 నుంచి వచ్చిన ఎంపీఎఫ్ఐ (కార్బురేటరు బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు అందే) జిప్సీ కింగ్ గురించి. 1.3 లీటర్ల ఇంజను, 80 హార్స్‌పవరు, ముందూ వెనకా కమాన్ పట్టీలు (లీఫ్ స్ప్రింగులు), ఖాళీ బండి బరువు ఇంచుమించు టన్ను. ఇందులో ఇనుము త్వరగా చెడదు. చెడేది రబ్బరు: బుష్షులు, ఆయిల్ సీళ్లు, మౌంటులు, హోసులు, బెల్టులు. మీటరు మీద యాభై వేలే ఉందని మురిసిపోవద్దు. రబ్బరుకి కిలోమీటర్ల లెక్క తక్కువ, ఏళ్ల లెక్క ఎక్కువ.

బరువు సంగతి ముందే తేల్చుకోవాలి. మనాలి-లేహ్ దారిలోని తంగ్లాంగ్ లా కనుమ ఎత్తు 5,328 మీటర్లు. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే సగానికి కాస్త ఎక్కువ, అంతే. టర్బో లేని ఇంజను కాబట్టి ఆ 80లో 45 మిగిలితే గొప్ప. అలాంటి బండికి మందపాటి ఇనప బంపర్లు, విన్చి (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మోటారు), ఇనప క్యారియరు తగిలిస్తే వంద కిలోలు ఊరికే దాటతాయి. అంటే ఇద్దరు మనుషుల్ని అదనంగా ఎక్కించుకుని కొండెక్కినట్టే. పైగా బుల్ బార్లు (బండి ముందు బిగించే ఇనప కమ్మీలు) వద్దని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే చెప్పింది. సామాను సర్దాక, మనుషులు కూర్చున్నాక, ఒకసారి వే బ్రిడ్జి ఎక్కించి బరువు చూడండి. ముందు చక్రాలు ఒకసారి, వెనక చక్రాలు ఒకసారి విడిగా తూయిస్తే ఏ కమాను మీద ఎంత పడుతుందో తెలుస్తుంది.

ఇక కిందకి దూరదాం. జిప్సీకి ఉన్న పెద్ద జబ్బు అరవై, డెబ్బై స్పీడులో గుంత తగలగానే స్టీరింగు చేతుల్లో గడగడా ఊగిపోవడం. చాలామంది దీనికి స్టీరింగ్ డాంపర్ (స్టీరింగు కుదుపుల్ని తగ్గించే షాక్ అబ్జార్బరు) మార్చి చేతులు దులుపుకుంటారు. డాంపర్ ఊపుని కప్పిపుచ్చుతుంది, అంతే. అసలు దొంగ ఎక్కువసార్లు కింగ్ పిన్ (ముందు చక్రం పక్కలకి తిరగడానికి ఇరుసుగా ఉండే పిన్ను) బేరింగే.

పట్టుకోవడం తేలిక. ముందు హౌసింగు (రెండు చక్రాల మధ్య యాక్సిల్ ఉండే ఇనప గొట్టం) కింద జాకీ పెట్టి, స్టాండు మీద నిలిపి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ప్లే (వదులు) కనిపిస్తే ఒకరిని లోపల కూర్చోబెట్టి బ్రేకు తొక్కమనండి. బ్రేకు తొక్కగానే ప్లే పోయిందా, అది చక్రం బేరింగు. తొక్కినా ఊగుతూనే ఉందా, కింగ్ పిన్. అదే చక్రాన్ని పక్కలకి పట్టుకుని ఊపితే ప్లే ఉందంటే టై రాడ్ ఎండ్లు (స్టీరింగు కడ్డీల చివరి కీళ్లు) చూడాలి.

కింగ్ పిన్ పని పెట్టుకున్నప్పుడు ఒక్కో వైపుకి రెండు కింగ్ పిన్ బేరింగులు, నకిల్ (స్టీరింగుతో చక్రాన్ని తిప్పే కీలు) గుండుని తుడిచే ఫెల్టు-రబ్బరు సెట్టు, హబ్ సీలు, హౌసింగు గొట్టం లోపల ఉండే యాక్సిల్ సీలు తెచ్చుకోండి. ఈ చివరిది చవక సరుకే, కానీ మార్చాలంటే చక్రం నుంచి నకిల్ దాకా మొత్తం విప్పాలి. అందుకే మెకానిక్కు "బాగానే ఉంది సార్, వదిలేద్దాం" అంటాడు. వదలొద్దు. అది కారితే గేర్ ఆయిలు నకిల్లోకి వచ్చి అక్కడి గ్రీజుని కడిగేస్తుంది, పల్చటి జావలా గుండు మీదుగా కారుతుంది, చివరికి బ్రేకు డిస్కు మీద పడుతుంది. గుండు మీద నల్లటి తడి కనిపిస్తే విషయం ఇదే. గుండు తుప్పు పట్టి గుంటలు పడి ఉంటే కొత్త సీలు కూడా నెలలోపే కోసుకుపోతుంది. ముందు సన్న ఎమరీ కాగితంతో నునుపు చేయాలి.

బిగించేటప్పుడు కింగ్ పిన్ కింద షిమ్ములు (పల్చటి రేకులు) పెట్టి బిగువు సరిచూడాలి. ఫెల్టు సీలు వేయకముందే, టై రాడ్ తగిలించే రంధ్రానికి సామాన్లు తూచే స్ప్రింగ్ త్రాసు కొక్కెం తగిలించి నెమ్మదిగా లాగండి. కిలో నుంచి రెండు కిలోల లోపు బలానికి నకిల్ కదలాలి. వేలితో తోస్తేనే తిరిగిపోతే షిమ్ము తీయాలి, మొరాయిస్తే షిమ్ము వేయాలి. "చేతి అందాజు చాలు" అనే షెడ్డులో ఈ పని చేయించకండి.

జిప్సీలో గేర్ బాక్సు వేరు, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందూ వెనకా చక్రాలకి బలం పంచేది) వేరు. రెంటి మధ్యా చిన్న షాఫ్టు. ఆ కేసు మూడు రబ్బరు మౌంటుల మీద వేలాడుతుంది. అవి కుంగితే కేసు ఒక పక్కకి వాలి, షాఫ్టుల కోణం మారి, బండంతా జుమ్మని వణుకుతుంది, ఫోర్ వీల్ లివరు గలగలలాడుతుంది. మూడూ ఒకేసారి మార్చాలి. ఒక్కటే మార్చితే కొత్తది గట్టిగా, పాతవి మెత్తగా ఉండి మళ్లీ వాలుతుంది. అక్కడే ఉన్నారు కాబట్టి షాఫ్టుల చివరి కీళ్లలో ఉండే క్రాసులూ చూడండి. కప్పు చుట్టూ కుంకుమలాంటి ఎర్రటి పొడి కనిపిస్తే లోపల గ్రీజు ఎండి సూది బేరింగులు అరిగాయని. దానికి గ్రీజు కొట్టి లాభం లేదు, మార్చాల్సిందే.

ఆయిళ్లు నాలుగు చోట్ల: గేర్ బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు హౌసింగు, వెనక హౌసింగు. మొత్తం ఆరు లీటర్ల లోపే పడుతుంది. బండి సమంగా నిలబెట్టి, నింపే రంధ్రంలోంచి బయటికి కారేదాకా పోయడమే కొలత. గేర్ బాక్సులో జీఎల్-4 రకం, 80డబ్ల్యూ-90 చిక్కదనం ఉన్న ఆయిలు వేయండి. హౌసింగులకి వాడే జీఎల్-5లో ఉండే రసాయనాలు కొన్ని సింక్రోనైజర్ల (గేరు సాఫీగా పడేలా చేసే రింగులు) ఇత్తడికి పడవు. ఇంకో మాట: ఆయిలు బయటికి తీసే కింది బోల్టు విప్పేముందు, నింపే పై బోల్టు విప్పండి. ఉన్న ఆయిలు తీసేశాక పై బోల్టు రాకపోతే బండి అక్కడే పడి ఉంటుంది.

బయటికొచ్చిన పాత ఆయిలు టీ రంగులో నురగగా ఉంటే నీళ్లు కలిశాయి. ఎలా కలుస్తాయంటే, గంట నడిచి వేడెక్కిన హౌసింగు మంచు కరిగిన నాలాలో దిగగానే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది. గాలి పీల్చుకునే బ్రీదరు మట్టితో మూసుకుపోయి ఉంటే సీలు అంచుల నుంచి నీళ్లు పీలుస్తుంది. మూసుకుపోయిన బ్రీదరుతో ఇంకో నష్టం: ఎండలో లోపలి ఒత్తిడి పెరిగి ఆయిలుని వెనక డ్రమ్ముల్లోకి నెడుతుంది. బ్రేకు షూలు నూనె తాగాక వాటిని కడిగి వాడటం కుదరదు. రెండు బ్రీదర్లకీ పెట్రోలు తట్టుకునే సన్న హోసు తొడిగి ఇంజన్ బే పైభాగం దాకా తెచ్చి, చివర చిన్న ఫిల్టరు పెట్టండి. హౌసింగు పూర్తిగా కిందకి వేలాడినా హోసు లాగబడనంత పొడవు వదలాలి. చౌకలో అయిపోయే మార్పు. నన్నడిగితే విన్చి కన్నా ఇదే ముందు.

రేడియేటరు మూత సంగతి ఎవరూ పట్టించుకోరు. 5,300 మీటర్ల ఎత్తులో మామూలు నీళ్లు 83 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కాక నీళ్లని రేడియేటరుకి వదిలే కవాటం) తెరుచుకునేది కూడా ఇంచుమించు అక్కడే. 0.9 బార్ మూత ఒత్తిడి పట్టి ఉంచితే మరుగు 110 దాకా జరుగుతుంది. మూత రబ్బరు పగిలిందంటే ఆ తేడా అంతా పోయి, ఇంజను బాగున్నా కనుమ మీద పొగలు కక్కుతుంది. కొత్త మూత, కొత్త హోసులు, కొత్త థర్మోస్టాట్ ఒకేసారి వేయండి. మన దగ్గర చాలా బండ్లు ఉత్త నీళ్లతో నడుస్తున్నాయి. ఆ నీళ్లతో మనాలి-లేహ్ దారిలోని సర్చూలో రాత్రి నిలిపితే గడ్డకట్టి ఇంజను బ్లాకు పగలొచ్చు. కూలంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకోండి.

కమాన్ల దగ్గరికొస్తే, పొడవు షాకిల్ (కమాను చివరని బండి ఫ్రేముకి కలిపే కొలికి) వేసి బండి ఎత్తు పెంచడం చవక దారి. కానీ ముందు క్యాస్టర్ (కింగ్ పిన్ వెనక్కి వాలి ఉండే కోణం) తగ్గి, మలుపు తర్వాత స్టీరింగు తనంతట తాను తిన్నగా రాదు, ఇందాకటి ఊపు మళ్లీ మొదలవుతుంది. కుంగిన కట్టని విప్పి, విరిగిన పట్టీ మార్చి, వెనక ఒక పట్టీ అదనంగా వేస్తే సామానుకి చాలు. బుష్షులు మార్చాక బోల్టులు చివరి బిగింపు బండి చక్రాల మీద నిలబడ్డాకే. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగిన స్థితిలోనే ఇరుక్కుని కొన్నాళ్లకే చిరుగుతుంది.

టైర్లు కంపెనీవి 205/70 ఆర్15. 215/75 వేస్తే బయటి కొలత ఐదు శాతం పెరుగుతుంది, మీటరు 60 చూపిస్తే నిజంగా 63. ఇది ఇంజను మోస్తుంది. 235/75 వేస్తే పది శాతం దాకా పెరిగి, కనుమ మీద రెండో గేరు పనికిరాకుండా పోతుంది. చట్టం వైపు కూడా చూసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ వివరాలకి భిన్నంగా మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 15 ఏళ్లు దాటిన బండికి ఫిట్‌నెస్ ఎలాగూ తప్పదు. గాలి తారు రోడ్డుకి 24-26, రాళ్ల దారికి 18-20, ఇసుకలో 15 పీఎస్ఐ. దింపినవాడి దగ్గర మళ్లీ ఎక్కించే కంప్రెసర్ ఉండాలి.

ట్యాంకు 40 లీటర్లు. సామానుతో ఘాట్‌లో లీటరుకి తొమ్మిది వచ్చినా 360 కిలోమీటర్లు. మనాలి దారిలో టాండి బంకు దగ్గరున్న బోర్డు తర్వాతి బంకు 365 కిలోమీటర్లని చెబుతుంది! కాబట్టి 20 లీటర్ల ఇనప జెర్రీ క్యాను ఒకటి తప్పదు. అందులో 18 లీటర్లే పోయండి. ఎత్తుకి వెళ్లేకొద్దీ లోపలి ఆవిరి బయటికి తోస్తుంది, మూత కొద్దికొద్దిగా వదులు చేస్తూ తీయాలి. క్యాను క్యారియరు మీద కాదు, వీలైనంత కింద, గట్టిగా కట్టి.

లైట్ల గురించి ఒక్క మాటే: 55 వాట్లవి రెండు వేస్తే తొమ్మిది ఆంపియర్లు లాగుతాయి. రిలే (ఎక్కువ కరెంటుని మోసే విడి స్విచ్చు), 15 ఆంపియర్ల ఫ్యూజు, 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు. హెడ్‌లైట్ స్విచ్చు నుంచి తీసిన వైరుతో స్విచ్చే కరుగుతుంది.

వెంట ఉండాల్సినవి: ట్యాంకులోని పెట్రోలు పంపు, దాని రిలే, క్లచ్ కేబులు, యాక్సిలరేటర్ కేబులు, ఫ్యాన్ బెల్టు, ఒక క్రాసు, హబ్ బేరింగుల సెట్టు, కమాన్ సెంటర్ బోల్టులు రెండు, యు బోల్టు ఒకటి, లీటరు గేర్ ఆయిలు, బ్రేకు ఆయిలు. ఈ పంపు ఆయువు పెట్రోలు మీదే. ట్యాంకు అడుగంటా నడిపితే పంపుకి చల్లదనం దక్కక కాలిపోతుంది.

పని అయ్యాక నేరుగా ఉత్తరానికి తిప్పకండి. పూర్తి సామానుతో హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లి రండి. రానూపోనూ నాలుగు వందల పైచిలుకు కిలోమీటర్లు, నల్లమల ఘాట్ అంతా ఎక్కుడూ దిగుడూ. రాత్రి తొమ్మిది తర్వాత మన్ననూరు దగ్గర అడవి దారి మూసేస్తారు, ఆ లెక్కన బయల్దేరండి. ముప్పై కిలోమీటర్లకోసారి ఆగి నాలుగు హబ్బుల మీదా చెయ్యి పెట్టండి. మూడు గోరువెచ్చగా ఉండి ఒకటి చురుక్కుమంటే ఆ బేరింగు బిగువెక్కువైంది, లేదా ఆ చక్రం బ్రేకు పట్టేస్తోంది. ఇంటికొచ్చాక యు బోల్టులన్నీ మళ్లీ బిగించండి. కొత్త కమాన్ కట్ట సర్దుకున్నాక అవి వదులవుతాయి. అలాగే వదిలేస్తే సెంటర్ బోల్టు ఒక్కటే బరువంతా మోసి విరుగుతుంది.