హిండెలోపెన్ మ్యూజియంలో కోరమాండల్ బట్టను ఎలా చూడాలి

కలంకారీ మీద ఇష్టం ఉండి నెదర్లాండ్స్ వెళ్తున్నవాళ్ళు ఆమ్‌స్టర్‌డామ్ పెద్ద మ్యూజియంలతో సరిపెట్టుకోకుండా ఒక రోజు ఉత్తరాన ఫ్రీస్‌లాండ్‌కి కేటాయిస్తే మంచిది. అక్కడ ఐసెల్‌మేర్ అనే పెద్ద సరస్సు ఒడ్డున హిండెలోపెన్ అనే చిన్న ఊరుంది. 1683 నాటి పాత పురపాలక భవనంలో, చర్చి పక్కనే, ఆ ఊరి మ్యూజియం ఉంటుంది. 1919లో మొదలైంది. గదులు చిన్నవే. నింపాదిగా చూసినా రెండు గంటలు చాలు.

17, 18 శతాబ్దాల్లో ఈ ఊరి మగవాళ్ళలో చాలామంది ఓడల కెప్టెన్లు. ఆమ్‌స్టర్‌డామ్ వర్తకుల కోసం నార్వే కలప, బాల్టిక్ సరుకు మోసేవాళ్ళు. మన తీరానికి వచ్చింది వీళ్ళు కాదు, డచ్ ఈస్టిండియా కంపెనీ ఓడలు. ఆ కంపెనీ 1605లో మచిలీపట్నం చేరి, మరుసటి ఏడు గోల్కొండ సుల్తానుతో ఒప్పందం చేసుకుంది, తర్వాత పాలకొల్లు వైపూ విస్తరించింది. ఓడల్లో వెళ్ళిన నూలుబట్టలు ఆమ్‌స్టర్‌డామ్ అంగళ్ళకు చేరితే, చేతిలో డబ్బున్న కెప్టెన్లు ఇంటి ఆడవాళ్ళకు కొనుక్కెళ్ళేవాళ్ళు. వాటితో కుట్టిందే వెంట్కె అనే, ముందు తెరిచి ఉండే, చీలమండల దాకా దిగే పొడుగు కోటు. మ్యూజియంలో అన్నిటికన్నా ముందు వెతకాల్సింది ఇదే. దుఃఖంలో ఉన్న స్త్రీ ఎరుపు మాని నీలం, తెలుపు కట్టేది. కాబట్టి ఎర్రపూల కోటూ నీలంపూల కోటూ పక్కపక్కన కనిపిస్తే అది కేవలం అభిరుచి తేడా అనుకోకండి. మెడ చుట్టూ, నడుము ముందు వాడిన గళ్ళ బట్ట కూడా కోరమాండల్‌దే, అంటే మన తూర్పు తీరానిదే. పూల బట్ట మీదే చూపు నిలిచిపోవడం వల్ల చాలామంది దాన్ని దాటేస్తారు.

ఇక్కడ దీపాలు మసకగా ఉంటే విసుక్కోకండి. పాత బట్టల మీద సుమారు 50 లక్స్‌కు (లక్స్ అంటే వెలుతురు కొలత) మించి వెలుతురు పడనివ్వకూడదన్నది మ్యూజియంలు పాటించే నియమం. అంతకు మించితే రంగు వెలుస్తుంది, అది మళ్ళీ రాదు. కళ్ళు అలవాటు పడేదాకా కొన్ని నిమిషాలు ఆగి, అద్దానికి ఎదురుగా కాకుండా కాస్త పక్కగా నిలబడితే ప్రతిబింబం అడ్డు రాదు. ఫ్లాష్ వద్దు. ఫోన్ నైట్ మోడ్ నీలాన్నీ ఎరుపునూ ఉన్నదానికన్నా ఎక్కువ చేసి చూపిస్తుంది. రంగులు గుర్తుంచుకోవాలంటే రాసుకోవడమే మేలు.

ముందు గీతలు చూడండి. పెడన అచ్చుల అద్దకానికి అలవాటు పడిన కన్ను ఇక్కడ కూడా అచ్చే అనుకుంటుంది, ఎందుకంటే పువ్వు మళ్ళీమళ్ళీ అదే వస్తుంది. కానీ సూది రంధ్రాల కాగితం మీద బొగ్గుపొడి రాసి నమూనా దించుకుని, ఆపైన కలంతో గీసినా పువ్వు అలాగే తిరిగొస్తుంది. తేడా గీత మందంలో ఉంది. ఒకే ఆకు రెండుచోట్ల పోల్చి చూడండి: కలం గీత ఒకచోట లావెక్కి మరోచోట సన్నబడుతుంది, అచ్చు గీత రెండుచోట్లా ఒకేలా ఉంటుంది. యూరప్‌లో అచ్చేసిన నకళ్ళలో అచ్చు, అచ్చు కలిసే అంచున గీత తప్పి కనబడుతుంది.

తర్వాత రంగులు. కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో తడిపి ఆరబెట్టిన బట్ట మీద ఎరుపు కావలసిన చోట పటిక నీళ్ళు, నలుపు కావలసిన చోట ఇనుము పులియబెట్టిన ద్రావణం రాసేవాళ్ళు. ఆపైన మొత్తం బట్టను చిరివేరు అనే మొక్క వేరు రంగులో ఉడికిస్తే, ఒకే తొట్టిలోంచి పటిక గాఢంగా ఉన్నచోట ఎరుపు, పల్చనైన చోట గులాబీ, పటికా ఇనుమూ కలిసినచోట ఊదా వచ్చేవి. నల్ల గీతల వెంబడి బట్ట చిరిగి సన్నటి చీలికలు కనిపిస్తే అది పురుగు పని కాదు. ఆ ఇనుమే ఏళ్ళ తరబడి నూలును తినేసింది.

నీలానికి పద్ధతి వేరు. నీలిమందు తొట్టిలో బట్టను ముంచాలి కాబట్టి, నీలం వద్దన్న చోటల్లా మైనం పూసేవాళ్ళు. మైనం పగిలినచోట రంగు దూరి వెంట్రుకంత నీలి గీతలు పడేవి. తెల్లటి నేల మీద అవి కనిపిస్తే మైనం పూసి ముంచిన బట్ట అనడానికి అదొక మంచి గుర్తు. ఆకులు ఆకుపచ్చగా కాకుండా నీలంగా ఎందుకున్నాయన్నది చాలామందికి వచ్చే సందేహం. నీలం మీద పసుపు పూసి ఆకుపచ్చ తెచ్చేవాళ్ళు. వెలుతురుకూ ఉతుకులకూ ముందుగా పోయేది పసుపే. మడతల లోపలో, కుట్టు కిందో కాస్త ఆకుపచ్చ ఇంకా మిగిలి ఉండొచ్చు, వెతకండి.

చంక కింద, అంచుల దగ్గర వేరే డిజైన్ ముక్కలు అతికి ఉంటే ఆశ్చర్యపడకండి. ఆ కాలపు దుస్తుల్లో ఖరీదైన బట్టను అలా సర్దుకోవడం మామూలే. పక్కనున్న చీటీలో కోరమాండల్ తీరం అని ఉన్నంత మాత్రాన మచిలీపట్నానిదే అని తీర్మానించకూడదు. నాగపట్నం దాకా అదే పద్ధతిలో చేసేవాళ్ళు.

రంగులేసిన చెక్క సామాను ఈ ఊరి రెండో పేరు. ఎర్ర, ఆకుపచ్చ, నీలం నేల మీద మెలికల తీగలు, పక్షులు, బైబిలు దృశ్యాలు. మడిస్తే బొమ్మ కనబడేలా గోడకు ఆనించే బల్ల, గోడలో ఇమిడిపోయిన అలమరా మంచం తప్పక చూడాలి. 1878 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో హిండెలోపెన్ గదికి పెద్ద పేరొచ్చింది. బయట నడిచేటప్పుడు కెప్టెన్ల ఇళ్ళ వెనక చిన్న ఇళ్ళు గమనించండి. కెప్టెన్ సముద్రం మీదున్న వేసవిలో భార్యాపిల్లలు వాటిలో ఉండేవాళ్ళు.

ఆమ్‌స్టర్‌డామ్ నుంచి ఫ్రీస్‌లాండ్ ముఖ్యపట్టణం లేవార్డెన్‌కి రైల్లో రెండున్నర గంటల లోపే. అక్కడ స్టావోరెన్ వెళ్ళే, అరీవా అనే కంపెనీ నడిపే రైలు ఎక్కాలి, ముప్పావు గంట లోపు హిండెలోపెన్ చేరుస్తుంది. ఎక్కువమంది పొరపడేది లేవార్డెన్‌లోనే: కంపెనీ మారుతుంది కాబట్టి ఎన్ఎస్ (డచ్ జాతీయ రైల్వే) యంత్రానికి కార్డు ఆనించి చెకౌట్ చేసి, అరీవా యంత్రం దగ్గర మళ్ళీ చెకిన్ చేయాలి, అదీ అదే కార్డుతో. లేకపోతే ఎక్కువ సొమ్ము కోస్తారు. స్టేషన్ ఊరికి దూరం, ఇరవై నిమిషాలకు పైగా నడక, పొలాల మీద గాలి నేరుగా తగులుతుంది. వేసవిలో ఎంక్‌హైజెన్ నుంచి స్టావోరెన్‌కి పడవ కూడా ఉంది, అక్కణ్ణుంచి రైల్లో కొద్ది నిమిషాలే. చిన్న మ్యూజియంలు సోమవారాలు, చలికాలం మూసేయడం ఇక్కడ మామూలు, అందుకే తేదీ చూసుకున్నాకే టికెట్ కొనండి. తిరుగు దారిలో లేవార్డెన్ స్టేషన్‌కి నడక దూరంలో ఉన్న ఫ్రీస్ మ్యూజియంలో ఇదే బట్ట సేకరణ ఇంకా పెద్దది. రెండూ ఒకే రోజు చూడాలంటే పొద్దున్నే హిండెలోపెన్‌తో మొదలుపెట్టాలి.