పసుపు రంగు రిమైండర్
మెస్‌లో సాంబారు పోసుకుంటుంటే జేబులో ఫోన్ మోగింది. గూగుల్ క్యాలెండర్. "డీబీఎంఎస్ రికార్డ్, రేపు 9:30." దాని కిందే ఇంకోటి: "అమ్మకి ఫోన్."

అది డేటాబేస్ సబ్జెక్టు ల్యాబ్ రికార్డు. దానికి టెన్షన్ లేదు. రెండు రోజుల ముందు ఇంకో రిమైండర్ వచ్చినప్పుడే అందులో వేయాల్సిన ఈఆర్ డయాగ్రమ్‌లు, అంటే డేటాబేస్‌లో ఏది దేనితో ముడిపడి ఉందో చూపే బొమ్మలు, గీసేశాను. పోయిన సెమిస్టర్‌లో డేట్లన్నీ క్లాస్ వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్ మెసేజ్‌ల మధ్య కొట్టుకుపోయేవి. ఇప్పుడు సార్ చెప్పగానే అక్కడికక్కడే క్యాలెండర్‌లో ఎక్కించేస్తున్నాను. మిడ్స్ పరీక్షలకి ఎరుపు, ల్యాబ్‌కి నీలం. వారం ఎంత బరువుగా ఉందో రంగులు చూస్తేనే తెలిసిపోతుంది.

అమ్మది పసుపు.

అమ్మ పేరు అందులో రాయడానికి మొదట మనసొప్పలేదు. అమ్మతో మాట్లాడటం కూడా ఒక పనేనా అనిపించింది. కానీ మిడ్స్ వారంలో నాలుగు రోజులు ఫోన్ చేయలేదు. తను కూడా చేయలేదు, చదువుకుంటున్నానని. అది తెలిశాకే పెట్టాను, రోజూ రాత్రి 8:30కి.

ప్లేటు కడిగేసి హాస్టల్ మెట్ల మీద కూర్చుని చేశాను. మొదటి రింగుకే ఎత్తింది.

"తిన్నావా నాన్నా? ఏం కూర?"

బంగాళదుంప వేపుడు అన్నాను. ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నాం. రికార్డు ఊసే రాలేదు.