రాలిన పిక్కే ఏరండి

మార్చి వచ్చిందంటే మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం జీడితోటల్లో అందరూ నేల చూపులు చూస్తూనే నడుస్తారు. పైన పండు ఎర్రగానో పచ్చగానో ఎంత నిగనిగలాడినా పట్టదు, కళ్ళన్నీ ఎండుటాకుల్లో దాక్కున్న జీడిపిక్క మీదే. గబ్బిలాలు రాత్రిపూట పండుని ఎత్తుకెళ్ళి ఇంకెక్కడో కూర్చుని చీకేసి పిక్కని వదిలేస్తాయి కాబట్టి, జీడిచెట్టు లేని చోట కూడా, కొబ్బరిచెట్ల మొదట్లో కూడా పిల్లలు వెతుకుతూనే ఉంటారు.

ఏరినవన్నీ బస్తాకి చేరవు, సగం ఆటలోకి పోతాయి. మట్టిలో గీత గీసి పిక్కల్ని వరసగా నిలబెట్టి దూరం నుంచి ఇంకో పిక్కతో కొట్టడం, పడినవన్నీ కొట్టినవాడివి. ఆ కొట్టే పిక్కని ఎంచుకునే తీరు చూడాలి మీరు! బుట్టంతా కలబెట్టి, ఒక్కోదాన్ని అరచేతిలో ఎగరేసి, లోపల పప్పు నిండుగా ఉండి బరువు తెలిసేదాన్నే తీసి జేబులో దాస్తారు, దాన్ని మాత్రం ఎవరికీ ఇవ్వరు. ఇంగ్లండ్‌లో పిల్లలు కూడా సెప్టెంబర్, అక్టోబర్‌లలో హార్స్ చెస్ట్‌నట్ చెట్ల కింద రాలిన గింజలు ఏరి, చిల్లు పెట్టి తాడుకి గుచ్చి, ఒకరి గింజని ఇంకొకరు పగలగొట్టుకుంటారు. అవి తింటే విషం. మన పిక్క కాలిస్తే కమ్మగా తినొచ్చు, కానీ పచ్చిపిక్కని పంటితో కొరకనివ్వకండి, తొక్కలోని జీడి నూనె తగిలితే మూతి పుండు పడిపోతుంది. కాల్చేటప్పుడు కూడా ఆ జీడి భగ్గున అంటుకుంటుంది, పిల్లల్ని దూరంగా కూర్చోబెట్టాలి.

పిల్లలు అరచేతిలో చేసే పరీక్షనే పెద్దవాళ్ళు నీళ్ళలో చేస్తారు. ముదిరిన పిక్క మునుగుతుంది, లేతది తేలుతుంది. ఇది తెలిసి కూడా కర్రలతో కొట్టి, కొమ్మలు ఊపి రాల్పించేస్తున్నారు చాలామంది. రోజూ ఏరడానికి కూలీలు దొరకరు, ఈలోగా ఎవరైనా ఏరుకుపోతారేమోనని టెన్షన్, నాకు అర్థమవుతుంది. అయినా వద్దండీ. లేతపిక్కలో పప్పు ముడుచుకుపోతుంది, గుండు, అంటే విరగని నిండు పప్పు, రాదు. పలాస ఫ్యాక్టరీలకి ఆఫ్రికా నుంచి కూడా పిక్కలు దిగుతున్నాయి, 80 కిలోల బస్తాకి ధర అడగాలంటే మన చేతిలో ఉన్నది నాణ్యత ఒక్కటే. పండు దానంతటదే రాలాలి, రాలాక పిక్కని మెలితిప్పి తీసి, రెండు మూడు రోజులు మంచి ఎండ తగలనిచ్చి, గుప్పిట్లో ఊపితే గలగలమన్నాకే బస్తాకెత్తాలి.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను ఈ తోటల్ని వేళ్ళతో సహా పడేసింది, ముసలి చెట్లు ఎన్ని పోయాయో. తర్వాత వేసిన అంటుమొక్కలు ఇప్పుడు కాపుకొచ్చాయి. వాటి కొమ్మలు నేలని తాకేంత కిందకి ఉంటాయి, పిక్క కోసం వంగి దూరాల్సిందే. అందుకని ఫిబ్రవరిలోనే చెట్ల కింద తుప్పలు కొట్టించి శుభ్రంగా ఊడ్పించండి. రాలిన పిక్క రాలినట్టు కనిపిస్తుంది, పిల్లలకి పాముల భయమూ తగ్గుతుంది.