బంతి మధ్యలో విస్తళ్ళెత్తే కలెక్టర్

యూనిటీ అనే గేమ్ ఇంజన్‌లో సీ షార్ప్ భాషతో నేను రాసుకున్న ఒక చిన్న ఆట సగటున సెకనుకు 60 ఫ్రేములు, అంటే తెర మీద 60 బొమ్మలు, చూపిస్తూనే, నాలుగైదు సెకన్లకు ఒకసారి రెప్పపాటు బిగుసుకుపోయేది. సగటు అంకెలో ఏ లోపమూ కనిపించదు గాని, ఆడేవారి బొమ్మ మాత్రం గెంతవలసిన చోట గెంతక గోతిలో పడుతుంది. ఏ పనికి ఎంత సమయం పడుతోందో చూపే ప్రొఫైలర్ తెరిచి చూస్తే మిగిలిన ఫ్రేములన్నీ 10 మిల్లీసెకన్ల దగ్గర పొట్టిగా ఉండగా, ఒక్కటి మాత్రం తాటిచెట్టులా 40 దాటి లేచి ఉంది. దాని కింద, వాడి వదిలేసిన మెమరీని ఏరి వెనక్కి తీసుకునే గార్బేజ్ కలెక్టర్ పేరు ఉంది.

సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేముకు దక్కేది సుమారు 16.7 మిల్లీసెకన్లే. మీటల నొక్కుళ్ళు చదవడం, భౌతిక లెక్కలు, శత్రువుల కదలికలు, బొమ్మ గీయడం అన్నీ అందులోనే ముగియాలి. సీ షార్ప్, జావా వంటి భాషల్లో వాడిన మెమరీని మనం తిరిగి ఇవ్వనక్కర లేదు. ఏది ఇంకా వాడుకలో ఉందో, ఏది లేదో ప్రోగ్రామును నడిపించే రన్‌టైమే వెతికి చూసుకుంటుంది. ఆ వెతుకులాట సాగినంతసేపూ ఆట ఆగవలసి వస్తే, అది పెళ్ళిలో బంతి మధ్యలో వడ్డన ఆపి, ఎవరు తిని లేచారో వరుసంతా తిరిగి చూసి విస్తళ్ళెత్తడం లాంటిది. యూనిటీ వాడే బోమ్ కలెక్టర్ కొత్త వస్తువులనూ పాతవాటినీ వేరుచేసి చూడదు కాబట్టి, చెత్త కొంచెమే ఉన్నా బతికి ఉన్న వస్తువులన్నిటినీ తడుముతుంది. 2019లో వచ్చిన ఇంక్రిమెంటల్ పద్ధతి ఈ పనిని కొన్ని ఫ్రేములకు పంచుతుంది, అంతే తప్ప పనిని తగ్గించదు.

నా ఆటలో తప్పు నాదే. 40 మంది శత్రువులు ప్రతి ఫ్రేములోనూ ఎదురుగా ఏముందో తెలుసుకోవడానికి, ఒక గీత వేసి దానికి తగిలినవన్నీ చెప్పే రేకాస్ట్ఆల్ ఫంక్షన్‌ను పిలిచేవారు. ఏదైనా తగిలిన ప్రతిసారీ అది ఒక కొత్త అర్రేను, అంటే వరుస జాబితాను, చేతికిస్తుంది. అంటే సెకనుకు 2400 దాకా అర్రేలు పుట్టి, పుట్టిన ఫ్రేములోనే పనికిరాకుండా పోయేవి. ముందే ఒక అర్రే చేసి పెట్టుకుని, కొత్త మెమరీ అడగని నాన్ అలాక్ రకం ఫంక్షన్‌తో దాన్నే మళ్ళీ మళ్ళీ నింపుకునేలా మార్చాను. స్కోరు మారకపోయినా ప్రతి ఫ్రేములో కొత్త స్ట్రింగ్ (అక్షరాల వరుస) తయారుచేసే కోడ్ పంక్తిని కూడా సరిచేశాను. తాటిచెట్లు మాయమయ్యాయి. ఇప్పుడు ఒక దశ ముగిసి తెర నల్లబడినప్పుడు కలెక్టర్‌ను నేనే పిలుస్తున్నాను.

ఇదంతా విని సీ ప్లస్ ప్లస్ వైపు మళ్ళితే సరిపోతుందనే మిత్రులున్నారు. నేను పూర్తిగా ఒప్పుకోను. అక్కడ కూడా ఫ్రేములో వేలసార్లు చిన్న చిన్న ముక్కలు అడిగి, విడుదల చేస్తూ పోతే సమయం ఖర్చవుతుంది, ఆ ముక్కలు వచ్చే మెమరీ ప్రాంతమైన హీప్ చిల్లులు పడుతుంది. అందుకే ఇంజన్లు రాసేవారు ఒక పెద్ద మెమరీ ముక్క తీసుకుని, ఫ్రేము సాగినంతసేపూ అందులోంచి వరుసగా పంచి, చివర బంతి లేచాక విస్తళ్ళన్నీ ఒక్కసారే చుట్టినట్టు, ఎంతవరకు పంచారో చెప్పే గుర్తును మొదటికి జరిపేస్తారు. అన్రియల్ ఇంజన్ సీ ప్లస్ ప్లస్‌లో రాసినదే అయినా, తన ఆబ్జెక్టుల కోసం సొంత గార్బేజ్ కలెక్టర్‌ను పెట్టుకుంది.

భాష నిజంగా తేడా చూపేది, నా అనుభవంలో, వస్తువుల అమరికలో. ప్రాసెసర్ మెమరీని సాధారణంగా 64 బైట్ల చొప్పున తన పక్కనుండే వేగమైన క్యాషెలోకి తెచ్చుకుంటుంది, కాబట్టి పక్కపక్కనే ఉన్నవి కలిసి వస్తాయి. సీ షార్ప్‌లో విలువలను నేరుగా దాచుకునే స్ట్రక్టుల అర్రే అయితే శత్రువుల స్థానాలు పక్కపక్కనే ఉంటాయి. క్లాసుల అర్రేలో ఉండేవి చిరునామాలే, అసలు వస్తువులు హీప్‌లో ఎక్కడెక్కడో ఉండవచ్చు.

తూటాలకు కూడా ముందే 64 చేసి పెట్టుకున్న పూల్ ఒకటి ఉంది. 65వది పేల్చితే కొత్తది పుట్టదు, అన్నిటికంటే పాతది గాలిలోంచి మాయమై తుపాకిలోకి వస్తుంది. ఆడినవారెవరూ ఇంతవరకు దాన్ని కనిపెట్టలేదు.