లే అంటే పడుకున్నాడట!

తెలుగులో ‘లే’ అంటే మంచం దిగాలి. ఇంగ్లీషులో ‘లే’ అంటే పడుకున్నాడని. బ్యాంకు క్లర్కు పరీక్షకు చదివే రోజుల్లో నన్ను ఏడిపించింది ఈ మాటే.

ప్రిలిమ్స్‌లో ఇంగ్లీషుకు 30 ప్రశ్నలు, 20 నిమిషాలు. తప్పు పెడితే పావు మార్కు కోత. మండపేట దగ్గరి మా ఊరి నుంచి కాకినాడకు కోచింగుకు వెళ్లేదాన్ని. సగం చదువు బస్సులోనే. ఒకరోజు మాస్టారు 1996 నవంబరు తుపాను గురించి నాలుగు వాక్యాలు రాయమన్నారు. కోనసీమలో కొబ్బరిచెట్లు దారికి అడ్డంగా పడి ఉన్నాయని మా అమ్మ చెప్పేది. అదే రాస్తూ ‘లెయిడ్’ అని పెట్టాను. ఆయన కాగితం చూసి, “ఏం పెట్టాయమ్మా చెట్లు, గుడ్లా?” అన్నారు. తరగతంతా ఒకటే నవ్వు.

పట్టిక బట్టీపట్టాను. పడి ఉండడానికి లై, లే, లెయిన్. పరచడానికి, పెట్టడానికి లే, లెయిడ్, లెయిడ్. మొదటిదాని భూతకాలమే రెండోదానికి వర్తమానం! ఈ ఏర్పాటు చేసిన మహానుభావుడెవరో గానీ, మనసులో ఏదో పెట్టుకునే చేసి ఉంటాడు. అబద్ధమాడే ‘లై’ ఇంకొకటి, దానికి ‘లైడ్’. రాత్రి నోటికి వచ్చింది తెల్లారేసరికి కలగాపులగం.

చిక్కు వీడింది సార్వా మాసూళ్లలో. నాన్న రోడ్డు వారన బరకం పరిచి ధాన్యం ఆరబోశారు. నేను కాళ్లతో తిరగేస్తున్నాను. నాన్న పరిచారు. దేన్ని? బరకాన్ని. అయితే లెయిడ్. ధాన్యం నిన్న పొద్దంతా దాని మీద పడి ఉంది. దేన్ని అంటే జవాబు లేదు. అయితే లే. కోడి పెట్టింది, దేన్ని? గుడ్డుని. కొబ్బరిచెట్టు దేన్నీ పెట్టలేదు, పాపం, ఊరికే పడి ఉంది. మాస్టారి వెటకారం అప్పుడు అర్థమైంది.

అయినా ఇంకోసారి బోల్తాపడ్డాను. “భోజనం చేసి నడుము వాల్చాను” అన్న వాక్యం ఇంగ్లీషులో రాయాలి. దేన్ని వాల్చాను? నడుముని. ధీమాగా లెయిడ్ పెట్టాను, తప్పు. మనం నడుమును వాలుస్తాం. ఇంగ్లీషువాడు తనే వాలతాడు, వాడి వాక్యంలో నడుము ఊసే ఉండదు. కాబట్టి ‘దేన్ని’ అని అడగాల్సింది తెలుగు వాక్యాన్ని కాదు, ఇంగ్లీషు వాక్యాన్నే. ఆ తర్వాత బస్సులో కిటికీలోంచి కనిపించినవన్నీ నాకు అభ్యాసాలే: చేలో పడి ఉన్న పనలు, కూలీలు పరిచిన పనలు, గట్టు మీద పడుకున్న గేదె.

తీరా పరీక్షలో లే రాలేదు, లెయిడ్ రాలేదు. కనుగొనడానికి ఫౌండా, స్థాపించడానికి ఫౌండెడా అని అడిగారు. తప్పు పెట్టాను. పావు మార్కు పోయినా ప్రిలిమ్స్ మాత్రం గట్టెక్కాను.